ముదిమికి చట్టము గలదు, చదువేది?

తల్లిదండ్రుల పోషణము పరమధర్మమని తరతరములుగా చెప్పుకొనుచు వచ్చిన దేశమిది. అట్టి దేశమున 2007వ సంవత్సరమున పార్లమెంటు ఆ ధర్మమును చట్టముగా వ్రాసి, తప్పినవానికి దండనము నేర్పఱుపవలసి వచ్చినది. ఇది మనకు తలవంపులని కొందఱందురు. కావచ్చును. కాని తలవంచుకొని కూర్చుండుటకంటె, వచ్చిన చట్టము వృద్ధులకు అక్కఱకు వచ్చునట్లు చేయుట మేలు. చట్టము పుట్టి పదునేడేండ్లకు పైబడినది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికే అరువదేండ్లు నిండినవారు దేశమున 10 కోట్ల 38 లక్షలుగా తేలిరి. ఆ సంఖ్య నాటినుండి పెరిగినదే గాని తఱిగినది కాదు. ఇందఱి కొఱకై చేసిన చట్టమును క్షుణ్ణముగా చదివిన న్యాయవాదులెందఱు? దానిని పైతరగతి విద్యగా నేర్పు విద్యాలయములేవి? నేర్చుకొనగోరు మారుమూల వకీలునకు తెఱచియున్న తలుపేది? ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పవలసిన న్యాయవిద్యాధికారులు ఉత్తరము చెప్పకపోవుటయే గాక, ఇంటికడనుండి చదువగోరువానికి తలుపు మూసి గడియ వేసినారు. ఆ గడియ తీయవలెననుటయే మా వాదము.

ఇది పండితుల గోష్ఠిలో తేలవలసిన సంగతి కాదు, వీధిలోని సంగతి. ఏ సబ్ రిజిస్ట్రారు కచేరి ముంగిటనైనను ఒక్క పూట నిలిచి చూడుడు. కొడుకు చేయి పట్టుకొని ఒక ముదుసలి తల్లి వచ్చును. భర్త మిగిల్చిపోయిన పెంకుటింటిని, ఎకరము మాగాణిని కొడుకు పేర దానసెటిల్‌మెంటు వ్రాయును. లేఖరి దస్తావేజును గబగబ చదువును. సగము ఆమెకు వినబడదు. వినబడిన సగము అర్థము కాదు. వేలిముద్ర పడును. “కడదాక నన్ను చూచుకొందువు గదా, నాయనా!” అని ఆమె నోటనున్న మాట కాగితముమీదికి ఎక్కదు. ఎక్కింపవలెనని చెప్పువాడు అచట లేడు. ఆ మాట ఎక్కకపోవుటచే ఏమి పోయినదో ఆమెకు తెలియుటకు రెండు మూడేండ్లు పట్టును. అప్పటికి ఆమె పడక వసారాలోనికి మాఱియుండును.

ఏమి పోయినదో వినుడు. ఆ చట్టపు 23వ సెక్షను ప్రకారము, వృద్ధుడు తనకు కనీస సౌకర్యములును శరీరావసరములును సమకూర్పవలెనను షరతుతో ఆస్తి నిచ్చి, పుచ్చుకొనినవాడు ఆ షరతును తప్పినచో, ఆ బదిలీ మోసముచేతనో నిర్బంధముచేతనో జరిగినట్లు భావించి ట్రిబ్యునల్ దానిని రద్దు చేయవచ్చును. “షరతుతో” అను ఒక్క పదముమీద ఇల్లు నిలుచును; ఆ పదము లేకున్న కూలును. 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు, అట్టి షరతు రుజువు కానిదే ఈ సెక్షను వర్తింపదనియు, దగ్గఱివారికి ఆస్తి యిచ్చినంత మాత్రమున షరతు దానంతట అదియే ఉన్నట్లు కాదనియు తీర్పు చెప్పినది. 2025 జనవరి 2వ తేదీన అదే న్యాయస్థానము, మధ్యప్రదేశమునకు చెందిన ఒక తల్లి వ్యాజ్యమున, దానపత్రముతోపాటు కొడుకు వ్రాసియిచ్చినదని చెప్పబడిన వాగ్దానపత్రమును గమనించి, ఇది వృద్ధుల మేలునకై పుట్టిన చట్టము గావున ఉదారముగా అన్వయింపవలెనని చెప్పి, దానమును రద్దు చేసి ఆస్తిని ఆమెకు తిరిగి స్వాధీనము చేయుమని యాజ్ఞాపించినది. షరతు రుజువు కానిచోట ముదుసలి ఓడినది. వాగ్దానపు కాగితము దొరకినచోట గెలిచినది. ఈ రెంటి నడుమనున్న వాసి ఎఱిగిన న్యాయవాది ప్రతి తాలూకా పట్టణమునను ఒక్కడుండినచో ఎన్ని ఇండ్లు నిలుచునో చదువరులే యోచింపగలరు.

“ఇంతేకదా! ఒక చిన్న చట్టము, 32 సెక్షనులు. దీనికి పట్టమేల? ఒక్క సాయంకాలమున చదివివేయవచ్చును” అని పెద్ద న్యాయవాదులు కొందఱు నవ్వుదురు. ఆ నవ్వునకు ముందు ఈ చిక్కులను విప్పి చూపుదురు గాక. మనోవర్తి నెలకు 10,000 రూపాయలకు మించరాదని చట్టమున నున్నది. ఆ మితిని తొలగింప 2019 డిసెంబరులో తెచ్చిన సవరణబిల్లు 2024లో లోక్‌సభతోపాటు కాలము చేసినది. పక్షవాతముతో మంచమున బడిన తండ్రి మందులకే అది చాలనప్పుడు న్యాయవాది ఏ దారి వెదుకవలె? సంతానమను పదములో కొడుకు, కూతురు, మనుమడు, మనుమరాలు కలరు. కోడలును అల్లుడును లేరు. ఇల్లు కోడలి అధీనమున నున్నచో ఏమి చేయవలె? ఆ కోడలికి గృహహింస చట్టము క్రింద నివాసపు హక్కు కలదనియు, వృద్ధుల చట్టమును అడ్డుపెట్టుకొని దానిని తుడిచివేయరాదనియు 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పినది. వృద్ధుల పక్షమున నిలుచువాడు ఆ యింటనే మఱియొక దిక్కులేనిదానిని వీధికీడ్చువాడు కాకుండవలెనన్న, రెండు చట్టములును కరతలామలకమై యుండవలెను.

మఱియొకటి. ఈ చట్టము దేశము వెలుపల నున్న భారతపౌరులకును వర్తించునని మొదటి సెక్షనే చెప్పుచున్నది. బిడ్డలను సముద్రముల కావలికి పంపి ఇంటికి కాపలాయున్న తలిదండ్రులు మన జిల్లాలలో కోకొల్లలు. కొడుకు డాలసులో భారతపౌరుడుగనే యున్నచో ఒక లెక్క. అచటి పౌరసత్వము పుచ్చుకొనినచో మఱియొక లెక్క. ఉత్తరువు పుట్టినను సముద్రము దాటి అది ఎట్లమలుపడును? మతి తప్పిన తండ్రి బ్యాంకు సొమ్మును ఆయన వైద్యమునకే తీయవలెనన్న ఎవరి సంతకము చెల్లును? ఆయన ఆరోగ్యముగా నున్ననాడు వ్రాసియిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ, మతి చెడిననాడే 1872వ సంవత్సరపు కాంట్రాక్టు చట్టపు 201వ సెక్షను ప్రకారము ఆరిపోవుచున్నది. దీపము కావలసినప్పుడే ఆరిపోవు దీపము! కోలుకొను ఆశ లేని రోగి కృత్రిమ ప్రాణాధారము వలదని ముందుగా వ్రాసియుంచవచ్చునని 2018లో సుప్రీంకోర్టు ఒప్పుకొని, 2023లో ఆ విధానమును సులభము చేసినది. ఆ పత్రమును సరిగా వ్రాయువారెవరు? ఆస్తి, వైద్యము, కుటుంబము, పింఛను, పౌరసత్వము అన్నియు ఒక్క మంచముచుట్టును చేరిన శాస్త్రమిది. దీనిని సాయంకాలపు చదువనువారు ఆ మంచముదరి ఎన్నడును కూర్చున్నవారు కారు.

“ట్రిబ్యునలులో వకీలునకు ప్రవేశమే లేదే, ఇక వకీలునకు ఈ విద్య ఎందులకు?” అని మఱియొక ఆక్షేపణము. చట్టపు 17వ సెక్షను వకీలును నిషేధించిన మాట నిజము. కాని 1961వ సంవత్సరపు న్యాయవాదుల చట్టమునందలి 30వ సెక్షను 2011లో అమలునకు వచ్చిన పిదప ఆ నిషేధము నిలువజాలదని కేరళ హైకోర్టు 2021లో తీర్పు చెప్పినది. ఆ చర్చ అట్లుండనిండు. వ్యాజ్యము ట్రిబ్యునలునకు పోకముందే, దస్తావేజు వ్రాయునాడే, న్యాయవాది పని యున్నది. ఇక ట్రిబ్యునలున కూర్చుండువా రెవరు? సబ్ డివిజను అధికారులు. భూముల తగవులు, ఎన్నికలు, వరదలు, మంత్రుల రాకపోకలు, వీని నడుమ తీఱికచేసికొని వృద్ధుల అర్జీని నోటీసు అందిన 90 దినములలో తేల్చవలెను. అప్పీలు కలెక్టరు దగ్గఱకు పోవును. వృద్ధుల తరఫున మాటలాడుటకు జిల్లా సాంఘికసంక్షేమాధికారిని చట్టము నియమించుచున్నది. వీరిలో ఎవరికైనను ఈ శాస్త్రమున ప్రత్యేకశిక్షణము ఉండవలెనని చట్టమున నున్నదా? లేదు. విద్య వకీలునకే గాదు, వీరికిని కావలెను. బార్ కౌన్సిల్ 2008లో ఏర్పఱచిన నియమములలో న్యాయవిద్యార్థి తప్పక చదువవలసిన విషయముల పట్టిక కలదు; పన్నులున్నవి, కంపెనీలున్నవి; వృద్ధన్యాయము మాత్రము లేదు. మొదటి పట్టమునకు చదువక, పై పట్టమునకు వీలులేక, మఱి ఎప్పుడు నేర్తురు?

ఇతరదేశముల సంగతి చూతము. అమెరికావారు 1965లో వృద్ధుల ఆరోగ్యమునకు మెడికేరును, పేదల వైద్యమునకు మెడికెయిడును, వృద్ధుల సేవలకు వేఱొక చట్టమును చేసికొనిరి. చట్టములు పెరిగినకొలది చిక్కులు పెరిగెను. చిక్కులు పెరిగినకొలది ఆ విద్యయే వృత్తిగా గలవారు పుట్టిరి. 1987లో వృద్ధన్యాయవాదుల జాతీయపరిషత్తు వెలసినది. ఫ్లారిడా రాష్ట్రపు స్టెట్సన్ విశ్వవిద్యాలయ న్యాయకళాశాల వృద్ధన్యాయమున ఎల్‌ఎల్.ఎం. పట్టమును నెలకొల్పి, వృత్తిలోనున్న న్యాయవాది తన ఊరును, తన కక్షిదారులను విడువకయే చదువునట్లు దానిని అంతర్జాలము ద్వారా నడిపినది. చట్టము వెంట విద్య, విద్య వెంట విద్యార్థి యింటికే బడి; ఇది వారి వరుస. చట్టము చేసి చేతులు కడుగుకొనుట మన వరుస.

ఇట్లనినంతనే మన యువన్యాయవాదులు డాలర్లు పోసి ఆ పట్టమునే కొనితెచ్చుకొనవలెనని మా యుద్దేశము కాదు. అచట నేర్పునది అచటి ధర్మము. మెడికెయిడునకు అర్హత సంపాదించు ఉపాయములు గుంటూరు ముదుసలికి ఏల? అంతకంటె ముప్పు మఱియొకటి కలదు. మతి చెడినను చెల్లునట్టి అధికారపత్రమును వ్రాసికొను వీలు వారి రాష్ట్రముల చట్టములలో కలదు. ఆ చదువును నమ్మి అట్టి పత్రమునే ఇచట వ్రాసినవాడు తన కక్షిదారును నట్టేట ముంచును. అరువు తెచ్చిన కండ్లజోడు అందమునకే గాని చూపునకు పనికిరాదు. వారినుండి మనము గ్రహింపవలసినది పాఠము గాదు, పద్ధతి. మన చట్టమును మన గురువులు మన భాషలో నేర్పవలెను. కాని పనిలోనున్నవానియొద్దకే విద్యను తీసికొనిపోవు ఆ పద్ధతిని మాత్రము సిగ్గుపడక స్వీకరింపవలెను.

మన వారేమి చేసినారు? విశ్వవిద్యాలయముల నిధులసంఘము 2020 సెప్టెంబరులో ప్రకటించిన నియమములు, దూరవిద్యగాను అంతర్జాలవిద్యగాను నేర్పగూడని వాని వరుసలో న్యాయశాస్త్రమును చేర్చినవి. 2025 జూన్ నెలలో బార్ కౌన్సిల్, ఎల్‌ఎల్.ఎం. పట్టమును దూరవిద్యచే గాని, అంతర్జాలముచే గాని, రెండును కలసిన పద్ధతిచే గాని తన యనుమతి లేక నడుపరాదనియు, అట్టి పట్టములు ఉద్యోగమునకును అధ్యాపకత్వమునకును చెల్లవనియు గట్టిగా హెచ్చరించినది. ఫలితమేమి? ఆదోనిలో పదేండ్లుగా వాదించుచున్న వకీలు, భద్రాచలమున గిరిజనుల వ్యాజ్యములు చూచువాడు, నర్సీపట్నమున మంచముపట్టిన అత్తగారికి సేవచేయుచు పూటపూటకు కోర్టునకు పరుగిడు న్యాయవాదిని, వీరెవ్వరును పైచదువు చదువరాదు. చదువవలెనన్న ఏడాదియో రెండేండ్లో వృత్తి మాని హైదరాబాదుననో విశాఖపట్టణముననో గది అద్దెకు తీసికొనవలెను. వృద్ధుల కష్టము కన్నులార చూచిన వీరికి విద్య దూరము. ఇంకను కచేరి గుమ్మము త్రొక్కని ఇరువదిరెండేండ్ల పడుచువానికి అది దగ్గఱ. ఇది ఏమి వివేకము?

బార్ కౌన్సిల్ పక్షమునను ఒక న్యాయము కలదు; దానిని దాచుట మాకు తగదు. పట్టములు అంగడి సరకైన కాలమిది. ఎవరో ఒకరు నాలుగు ఉపన్యాసములు యంత్రమున నింపి, లక్షలు దండుకొని, చదువనివానికి పట్టము చుట్టబెట్టి యిత్తురను భయము ఊరక పుట్టినది కాదు. అట్టి పట్టముతో వచ్చినవానిచేత వ్రాయించుకొన్న దస్తావేజు, లేఖరి వ్రాసినదానికంటె ప్రమాదకరము. ఇంతవఱకు మేమును కౌన్సిలుతో ఏకీభవింతుము. కాని దొంగ వచ్చునను భయమున ఇంటికి తలుపే లేకుండ గోడ కట్టుకొనువాడు గలడా? తాళము వేయును, కావలి పెట్టును. పరీక్ష తాళము, తనిఖీ కావలి. వీనిని విడిచి గోడ కట్టుట రక్షణము కాదు.

అంతేగాదు. నాలుగు గోడల నడుమ కూర్చుండబెట్టినంతనే విద్య శుద్ధమగునా? కౌన్సిలు మాటయే సాక్ష్యము. న్యాయవిద్య ప్రమాణములు దిగజాఱుచున్నవని చెప్పి కొత్త న్యాయకళాశాలలకు అనుమతి నిలిపివేయుచు 2019లో ఒకమాఱు, 2025 ఆగస్టులో మఱియొకమాఱు, మూడేసి యేండ్ల నిషేధము పెట్టినది కౌన్సిలే. అవి అంతర్జాలమున నడచిన కళాశాలలు కావు. ఇటుకయు సున్నమును గలవి. చెడు గోడల లోపలను కలదు, వెలుపలను కలదు. దానిని పట్టుకొను పని పరీక్షకునిది, గోడది కాదు. ఇక తెలుగువారి చరిత్రయే చూడుడు. దేశమున మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయము 1982లో హైదరాబాదున పుట్టినది. నేడది అంబేద్కర్ మహాశయుని పేర వెలయుచున్నది. బడికి పోజాలనివాని యింటికే బడి పోవచ్చునని దేశమునకు చాటిన గడ్డ ఇది. ఆ గడ్డమీదనే న్యాయవాదికి ఆ వీలు లేదనుట వింతగాక మఱియేమి?

కావున మేము కోరునది స్పష్టముగా చెప్పెదము. బార్ కౌన్సిలును నిధులసంఘమును కూడి వృద్ధన్యాయమున అంతర్జాలమార్గపు ఎల్‌ఎల్.ఎం. పట్టమునకు అనుమతి నీయవలెను. దానిని నడపు అధికారము నల్సారు, విశాఖపట్టణపు దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయము వంటి ప్రజావిద్యాలయములకే మొదట నీయవలెను, వర్తకులకు వలదు. పాఠము ఇంటికడ వినవచ్చును; పరీక్ష మాత్రము జిల్లాకేంద్రమున, పర్యవేక్షకుని కన్నులయెదుట వ్రాయవలెను. ఉపన్యాసములు విన్నంతమాత్రమున పట్టము రారాదు: విద్యార్థి తన జిల్లా న్యాయసేవాసంస్థ క్రింద వృద్ధుల అర్జీలు స్వయముగా వ్రాసి, ట్రిబ్యునలు విచారణలు చూచి, ఒక వృద్ధాశ్రమమున కొన్ని దినములు కూర్చుండి ఉచితసలహా యిచ్చినట్లు రుజువు చూపవలెను. జాతీయ న్యాయసేవాసంస్థ వృద్ధుల కొఱకు 2016లోనే ఒక పథకము ప్రకటించినది. దానికి చేతులు ఈ విద్యార్థులే కాగలరు. అర్జీలు, దస్తావేజులు, ఇష్టపత్రములు తెలుగున వ్రాయుట పాఠ్యభాగము కావలెను. తల్లికి చదివి వినిపించిన అర్థము కాని దస్తావేజు ఎంత పాండిత్యముతో వ్రాసినను అది ఆమెకు వల.

ఒక హెచ్చరిక. ఈ పట్టము వృద్ధుల వాకిట మఱియొక సుంకపుగేటు కారాదు. పట్టము లేనివాడు వృద్ధుల పక్షమున మాటలాడరాదనుట మా కోరిక కాదు; పట్టమున్నవాడు ఫీజు రెండింతలు చేయుట అంతకంటె కాదు. విద్య పెరిగినకొలది దీపము వెలుతురు పెరుగవలెను గాని నూనె వెల పెరుగరాదు.

న్యాయవాదులారా! మీలో ప్రతివానికిని ఒక తల్లియో తండ్రియో ముదిమిలో నున్నారు. కాలము కనికరించినచో మీరును ఆ వరుసకే వత్తురు. నేడు మీ బార్ సంఘములలో తీర్మానములు చేసి కౌన్సిలు తలుపు తట్టుడు. అంతవఱకు పట్టము లేకున్నను చట్టము కలదు, దానిని చదువుడు. రేపు ఉదయము సబ్ రిజిస్ట్రారు కచేరి ముంగిట ఆ ముదుసలి తల్లి మరల వచ్చును. కొడుకు చేయి పట్టుకొనియే వచ్చును. “కడదాక చూచుకొందువు గదా” అను ఆమె మాటను దస్తావేజులోనికి ఎక్కించుటకు ఒక్క వాక్యము చాలును. ఆ వాక్యము తెలిసినవాడు ఆమె ప్రక్కన నిలుచునా, నిలువడా? న్యాయవిద్యాధికారులు ఉత్తరము చెప్పవలసినది మాకు కాదు, ఆమెకు.